ముగ్గురిలో ఒక్కరైనా

టైలర్ రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే మిషన్ దగ్గరికి వెళ్ళడు. టేపు మెడలో వేసుకుని, టీ గ్లాసుతో మెట్టు మీద నిలబడి, వీధిలో ఏదో ఒక తగవు వెతుక్కుంటాడు. రొట్టెముక్క కోసం రెండు కాకులు కొట్టుకోవచ్చు, గోడ మీద చోటు కోసం రెండు పిల్లులు, కొలతలో తేడా వచ్చిందని తన భార్యా పాలవాడూ. మూడు నిమిషాలు కన్నార్పకుండా చూస్తాడు. "పది-తొమ్మిది" అని గొణుక్కుంటాడు. అప్పుడు గానీ టీ గొంతు దిగదు.

"ఇంతకీ పాలవాడితో నా గొడవకి ఎన్నేశావు?" అని భార్య అడుగుతుంది.

"పది-తొమ్మిది."

"పది ఎవరికి?"

"అది చెప్పకూడదు."

"ముప్పై ఏళ్ళుగా వండి వారుస్తున్నాను. ఒక్క పాయింటు నాకివ్వడానికి చేతులు రావన్నమాట."

"ఇవ్వలేదని ఎవరన్నారు? చెప్పకూడదన్నాను."

ఆ వీధి ఆయనకు 'పదితొమ్మిది' అని పేరు పెట్టి చాలా కాలమైంది. రసీదు పుస్తకం మీద అసలు పేరు చూసిన కొత్తవాళ్ళు ఈయనెవరని అడుగుతారు.

ఆయన జీవితంలో ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. ఇరవై ఏడేళ్ళ క్రితం బాక్సింగ్ హాల్లో బరి మీది కాన్వాసు చిరిగితే కుట్టడానికి పిలిచారు. లావుపాటి సూదీ, మైనం రాసిన దారం పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని కుట్టాడు. గుడ్డ మీద అక్కడక్కడా ఎండిపోయిన గోధుమరంగు మచ్చలున్నాయి. అవి ఏమిటో అడగకుండానే అర్థమై, కాసేపు సూది ఆడలేదు. పని అయ్యాక వెళ్ళిపోవలసినవాడు, ఆ కుట్టు నిలుస్తుందో లేదో చూద్దామని బెంచీ మీద కూర్చున్నాడు. ఇద్దరు బరిలోకి దిగారు. జనమంతా అరుస్తున్నారు. ఈయన మాత్రం పక్కనున్న సెక్రటరీతో మెల్లగా అన్నాడు: "ఆ దెబ్బ తగల్లేదండీ. మోచేతి మీద పడింది. గుప్పెడు తేడా."

సెక్రటరీ సైకిల్ సామాన్ల కొట్టు నడుపుకుంటూ, మిగిలిన టైమంతా ఆ హాలుకే ధారపోసే మనిషి. అతను టైలర్ వైపు తిరిగి, "మీకెలా కనపడింది?" అన్నాడు.

"అర అంగుళం తేడా వస్తే చొక్కా వెనక్కి తెచ్చి మొహాన కొడతారండీ. చూడక చస్తానా?"

ఆ మాట ఆయన్ని జడ్జి కుర్చీ దాకా తీసుకెళ్ళింది.

ఆ కుర్చీలు మూడు. బరికి మూడు వైపులా, ఒకరి చేయి ఒకరికి కనపడనంత దూరంలో ఉంటాయి. పడమటి కుర్చీ మంగలిది. ఉత్తరం కుర్చీ లెక్కల టీచరమ్మది. దక్షిణం కుర్చీ టైలర్‌ది. ఒక్కో రౌండు అవగానే, ఎవరు మెరుగ్గా ఆడారనిపిస్తే వాళ్ళకు పది, రెండోవాళ్ళకు తొమ్మిది చీటీ మీద రాయాలి. రిఫరీ వచ్చి చీటీ పట్టుకెళ్తాడు. అంతే. కత్తెర పడిన గుడ్డా, చేయి దాటిన చీటీ తిరిగి రావు. మిగతా ఇద్దరూ ఏం రాశారో జడ్జికి తెలియదు. తను రాసింది పైకి చెప్పకూడదు. చివర్లో సెక్రటరీ చీటీలన్నీ కూడి, మైకులో తీర్పు చదువుతాడు. ముగ్గురూ ఒకరికే ఇస్తే ఏకగ్రీవం. ఇద్దరు ఒకరికి, ఒకరు రెండోవాళ్ళకు ఇస్తే స్ప్లిట్.

ఇన్నేళ్ళలో ఒక్క చీటీ కూడా ఆయన నోటి నుంచి బయటికి రాలేదు. ఆ నియమం మీద ఆయనకున్న గౌరవం, కొందరికి దేవుడి మీదుండే రకం. అది నాలుగేళ్ళ క్రితం వరకు.

టైలర్ కొట్టుకు ఎదురుగా ఇస్త్రీ కొట్టు. తల్లీ కూతురూ నడుపుతారు. కూతురు బల్ల అందక స్టూలెక్కి జేబురుమాళ్ళు ఇస్త్రీ చేసిన రోజుల నుంచీ టైలర్‌కు తెలుసు. ఎడమచేతి వాటం. బరువైన ఇస్త్రీపెట్టెను ఎడమచేత్తో రోజుకు వందసార్లు తోసీ తోసీ ఆ భుజం రాయిలా తయారైంది. పదిహేడో ఏట బాక్సింగ్ హాలుకు వెళ్ళడం మొదలుపెట్టింది. తల్లికి ఇష్టం లేదు. "ఇంట్లో ముడతలు తీసేది చాలక ఊళ్ళోవాళ్ళ మొహాలు కూడా చదును చేస్తావా?" అనేది.

ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళప్పుడు ఊళ్ళో పెద్ద పోటీ వచ్చింది. ఫైనల్లో ఎదురుగా బస్ డిపో క్లబ్బు నుంచి వచ్చిన పొడుగమ్మాయి. జడ్జీల జాబితాలో తన పేరు చూసి టైలర్ సెక్రటరీ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ పిల్ల మా ఎదురు కొట్టు పిల్ల. నన్ను తప్పించండి."

"మీరు కొలతలు తీసుకోనివాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు చెప్పండి? అలా అయితే నా నిక్కరు కుట్టింది కూడా మీరే. కూర్చోండి."

కూర్చున్నాడు.

మొదటి రౌండు పొడుగమ్మాయిది. అందులో వాదనేం లేదు. చేతులు పొడుగు కావడంతో దూరం నుంచే ఇస్త్రీ అమ్మాయి నుదుటి మీద గ్లోవు ఆనించి వెనక్కి తీసుకుంది. మూడో రౌండు ఇస్త్రీ అమ్మాయిది. అందులోనూ వాదన లేదు. అప్పటికి పొడుగమ్మాయి కాళ్ళు బరువెక్కాయి.

అసలంతా రెండో రౌండులో ఉంది.

ఆ మూడు నిమిషాలూ టైలర్ కన్నార్పలేదు. పొడుగమ్మాయి కుడిచేయి పైనుంచి వస్తోంది. ఇస్త్రీ అమ్మాయి తల వంచి ఆ చేతి కిందుగా దూరి, ఎడమచేత్తో పక్కటెముకల కింద కొడుతోంది. చప్పుడు లేదు, ఆర్భాటం లేదు. ఇస్త్రీపెట్టెను కాలరు మూలలోకి తోసినట్టు, పొదుపుగా, లోతుగా. దెబ్బ పడ్డ ప్రతిసారీ పొడుగమ్మాయి పెదవులు ఓ క్షణం తెరుచుకోవడం ఆయన చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గంట మోగింది. ఎరుపుకు తొమ్మిది, నీలానికి పది అని రాశాడు. నీలం మూల ఇస్త్రీ అమ్మాయిది. రాసేటప్పుడు పెన్సిల్ ఎక్కడా ఆగలేదు. అది ఆయనకు బాగా గుర్తు.

ఆఖర్న రిఫరీ ఇద్దరి చేతులూ పట్టుకుని బరి మధ్యలో నిలబడ్డాడు. మైకులో సెక్రటరీ గొంతు వినపడింది: "ఏకగ్రీవంగా... ఎరుపు మూల!"

టైలర్ కుర్చీలోంచి సగం లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అంతకుముందు జరిగిన ఆరు పోటీల్లోనూ తీర్పు ఏకగ్రీవమే. ఏడోదానికి కూడా సెక్రటరీ నోరు అలవాటు కొద్దీ ఆ మాటే అనేసింది. గెలిచింది ఎవరన్నది సరిగ్గానే చెప్పాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మంగలికి తన చీటీ తెలుసు, టీచరమ్మకు తనది తెలుసు. ఇద్దరూ ఎరుపుకే ఇచ్చారు గనక ఇద్దరికీ అనుమానం రాలేదు. నాలుగు వందల మంది ఉన్న ఆ హాల్లో, ఆ మాట అబద్ధమని తెలిసిన మనిషి ఒక్కడే. దక్షిణం కుర్చీలో ఉన్నాడు.

ఆయన నోరు విప్పలేదు. చెప్పకూడదు కదా, అనుకున్నాడు. ఫలితం మారదు కదా, అనుకున్నాడు. ఆ రెండు మాటల అడుగున మూడో మాట ఒకటుంది: తన ఒక్కడి చీటీ మాత్రమే ఎదురు కొట్టు పిల్ల వైపు పడిందని ఊరికి తెలియకుండా పోయింది, బతికిపోయాను. నియమం ఆయన పిరికితనానికి గొడుగు పట్టింది.

మర్నాడు ఇస్త్రీ అమ్మాయి మామూలుగా కొట్టు తెరిచింది. ఆ మర్నాడు కూడా. సాయంత్రం ఐదైనా బ్యాగు భుజానికి తగిలించుకోలేదు. మంగళవారం ఇస్త్రీ కొట్టు నుంచి తల్లి ఒక మూట పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యా, వీటిని కత్తిరించి మామూలు జాకెట్లలా కుట్టవూ? మంచి గుడ్డే, పారేయబుద్ధి కావట్లేదు."

మూట విప్పితే బాక్సింగ్‌కు వేసుకునే నీలం బనీన్లు. నాలుగూ ఆయన కుట్టినవే.

"ఇవి దానికి కావాలి కదా?" అన్నాడు టైలర్.

"ఇంకెక్కడి ఆట! మా ఇద్దరికీ ఒప్పందం." ఆమె స్టూలు మీద కూర్చుంది. "చూడు అన్నయ్యా, నేనేం రాక్షసిని కాను. గెలిస్తేనే ఆడమని అనలేదు. ముగ్గురు జడ్జీల్లో ఒక్కరైనా నువ్వు గెలిచావంటే ఇంకో ఏడాది ఆడుకో అన్నాను. ముగ్గురూ ఓడావంటే ఇక నోరు మూసుకుని ఇస్త్రీపెట్టె పట్టుకో అన్నాను. అది సరేనంది. ముగ్గురూ ఒకే మాట అన్నారు. మాట మీద నిలబడింది పాపం. ఏడవలేదు కూడా."

టైలర్ భార్య లోపలి నుంచి తొంగి చూసింది. "అంత కష్టపడింది కదా వదినా..."

"కష్టం సరే వదినా. ముగ్గురికి ముగ్గురూ కాదన్నాక ఇంకేముంది? అద్దం ముగ్గురి చేతుల్లో పెట్టి చూసుకున్నట్టే గదా."

ఆమె వెళ్ళిపోయింది. టైలర్ బనీను బల్ల మీద పరిచాడు. సుద్దతో గీత గీశాడు. కత్తెర తీసుకున్నాడు. ఆ కత్తెర ఎంతసేపు గాల్లో ఆగిందో, భార్య వచ్చి చేతిలోంచి తీసుకుంది.

"ఒంట్లో బాగా లేదా?"

"నేనొకటి అడుగుతాను. స్టూలెక్కి ఇస్త్రీ చేసిన పిల్ల కదా అని నా చేయి అటు వాలిందంటావా?"

ఆమెకు సంగతి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. భర్త మొహంలోకి చూసి, చాలా మెల్లగా అంది: "పాలవాడి గొడవలో ఇంతవరకు నాకే పది ఇవ్వనివాడివి. నీ చేయి అంత తేలిగ్గా వాలుతుందా?"

"నీకివ్వలేదని ఎవరన్నారు?" అన్నాడు కానీ, అందులో రోజూ ఉండే పెంకితనం లేదు.

బుధవారం కొట్టు మూసి హాలుకు వెళ్ళాడు. పగటిపూట హాలు ఖాళీగా, గుడిలా ఉంది. పై కిటికీల నుంచి వెలుగు పలకలు పలకలుగా బరి మీద పడుతోంది. సెక్రటరీ సైకిల్ గొలుసు ఒకటి నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. మంగలి బెంచీ మీద పడుకుని పేపరు చదువుతున్నాడు.

"సెక్రటరీ గారూ, ఫైనల్ చీటీలు తీయండి."

"ఎందుకు?"

"తీయండి. నేను చెప్పకూడదు. మీరే చూడాలి."

బీరువాలోంచి రేకుపెట్టె వచ్చింది. సెక్రటరీ చీటీలు బల్ల మీద మూడు వరసలుగా పేర్చాడు. ఒక వరస చూశాడు. రెండో వరస చూశాడు. మూడోదాని మీద వేలు ఆగింది. "అయ్యో," అన్నాడు. "అయ్యో నా నోరు పడిపోను!"

మంగలి లేచి వచ్చాడు. మొదటి రౌండుకు ముగ్గురూ ఎరుపుకే ఇచ్చారు. మూడో రౌండుకు ముగ్గురూ నీలానికే. రెండో రౌండులో మంగలీ టీచరమ్మా ఎరుపుకు, టైలర్ నీలానికి. మొత్తం కూడితే ఇరవై తొమ్మిది-ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది-ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది-ఇరవై తొమ్మిది. అంత పెద్ద పోటీ, అన్ని నెలల చెమట, అంతా ఆ మూడు నిమిషాల దగ్గరికి వచ్చి, ఇద్దరి చూపు మీద నిలబడింది. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరికి ఇంకోలా కనపడినా గెలిచేది నీలమే.

టైలర్ చూపు టీచరమ్మ చీటీ మీద ఆగింది. నీలం గడిలో, తొమ్మిది అంకె పక్కన, పెన్సిల్ చుక్క ఒకటుంది. అంకెలు ముత్యాల్లా రాసే మనిషి. చుక్క నల్లగా, కాగితం అవతలికి పొడుచుకొచ్చేంత గట్టిగా ఉంది. రాయాల్సింది రాయకముందు ఆ పెన్సిల్ అక్కడ నిలబడింది. ఎంతసేపు నిలబడిందో, ఏం ఆలోచించిందో ఎవరికీ తెలియదు. సుద్ద గీతలు చదివే కళ్ళకు మాత్రం ఆ చుక్క గుండె చప్పుడులా కనపడింది. ఆయన వేలితో దాన్ని చూపించాడు. ముగ్గురూ ఆ చిన్న కాగితం మీదికి వంగి, ఏదో పసిబిడ్డను చూస్తున్నట్టు చూశారు.

ముందు తలెత్తింది మంగలే. "అదంతా సరే బావా. నీలానికి పది ఎలా వేశావు? ఇస్త్రీ ఫ్రీగా చేస్తోందా ఏంటి?"

టైలర్ భయపడిన మాట అదే. తీరా వచ్చాక అంత నొప్పిగా లేదు. "నువ్వు ఎరుపుకు ఎలా వేశావో చెప్పు ముందు."

"ఎలా ఏంటి? పొడుగమ్మాయి పైనుంచి బాదుతూనే ఉంది. మీ పిల్ల తల మూడుసార్లు వెనక్కి విరిగింది. తిరిగి ఒక్కటి కొడితే ఒట్టు."

"ఒక్కటి కాదు, నాలుగు. పక్కటెముకల కింద."

"కలగన్నావా?"

"బరిలోకి ఎక్కు."

మంగలికి అరవై దాటాయి, పొట్ట ఉంది. సెక్రటరీకి పొట్ట ఉంది, ఊపిరి లేదు. ఇద్దరూ తాళ్ళ మధ్య నుంచి దూరడానికే రెండు రౌండ్లంత టైము పట్టింది. మంగలి చెప్పులు విడిచి, పొడుగమ్మాయిలా చేతులు చాచి నిలబడ్డాడు. సెక్రటరీ ఇస్త్రీ అమ్మాయిలా వంగాడు. "నడుం పట్టేస్తే మీదే బాధ్యత," అన్నాడు అలా వంగే ఉండి.

టైలర్ ఎన్నడూ కూర్చోని పడమటి కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు. "ఇద్దరూ అప్పటిలా తిరగండి. పొడుగమ్మాయి వీపు ఇటు. ఆఁ, అక్కడ ఆగండి. ఇప్పుడు కొట్టండి సెక్రటరీ గారూ, ఎడమచేత్తో."

సెక్రటరీ కొట్టాడు. మంగలి "హమ్మా" అన్నాడు.

టైలర్‌కు ఏమీ కనపడలేదు. వెడల్పాటి వీపు, దాని మీదుగా పైకి లేచిన కుడిచేయి, ఆ చేతి కింద వెనక్కి వెళ్ళిన ఒక తల. అంతే. "మళ్ళీ," అన్నాడు. మళ్ళీ అంతే. తను తన రెండు కళ్ళతో లెక్కపెట్టిన నాలుగు దెబ్బలూ ఆ కుర్చీకి లేవు. అబద్ధం కాదు, దాచడం కాదు, లేవు. మంగలి ఎరుపుకు పది వేసింది కళ్ళు మూసుకుని కాదు, కళ్ళు బాగా తెరుచుకునే. ఇరవై మూడేళ్ళుగా తను చూసిందే పోటీ అనుకున్నాడు. ప్రతి పోటీలోనూ ఆ బరిలో మూడు పోటీలు జరుగుతున్నాయి, కుర్చీకొకటి.

"ఇప్పుడు నువ్వు నా కుర్చీలోకి రా," అన్నాడు.

మంగలి దిగివచ్చి దక్షిణం కుర్చీలో కూర్చున్నాడు. టైలర్ బరిలోకి ఎక్కి పొడుగమ్మాయి అయ్యాడు. సెక్రటరీ వగరుస్తూనే ఎడమచేత్తో నెమ్మదిగా పొడిచాడు. మంగలి చూశాడు. కుర్చీ అంచుకు జరిగాడు.

"ఇంకోసారి," అన్నాడు. ఇంకోసారి చూశాడు. "బావా, ఇక్కణ్ణించి ఇంత కనపడుతుందని నాకు తెలీదు," అన్నాడు.

దిగిపోయే ముందు టైలర్ ఒంటరిగా బరి మధ్యలో కాసేపు నిలబడ్డాడు. కాళ్ళ కింద తను కుట్టిన కుట్టు ఇంకా నిలిచే ఉంది.

చదివిన తీర్పులో పొరపాటుంటే వారంలోగా అదే మైకులో సరిదిద్దాలని క్లబ్బు నియమం. ఎన్నడూ అవసరం పడలేదు గనక అందరూ మర్చిపోయారు. ఆదివారం పొద్దున టైలర్ వీధి దాటి ఇస్త్రీ కొట్టుకు వెళ్ళాడు.

"సాయంత్రం హాలుకు రా అమ్మా. మీ అమ్మను కూడా తీసుకురా."

"ఎందుకు మామయ్యా?" అంది ఇస్త్రీ అమ్మాయి, తలెత్తకుండా.

"చెప్పకూడదు."

"నా బనీన్లు కత్తిరించేశావా?"

"కత్తెరకు పదును పోయింది. సాన పట్టించాలి."

సాయంత్రం పోటీలు మొదలవక ముందు సెక్రటరీ మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, తన తప్పు తను చెప్పుకున్నాడు. "గత ఆదివారం ఫైనల్ ఏకగ్రీవం కాదు. స్ప్లిట్. పడమర, ఎరుపు, ఒక్క పాయింటు. ఉత్తరం, ఎరుపు, ఒక్క పాయింటు. దక్షిణం, నీలం, ఒక్క పాయింటు."

దక్షిణం కుర్చీ ఎవరిదో ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వెనక బెంచీల నుంచి ఎవరో అరిచారు: "ఎదురింటి అభిమానం టైలరూ!" నవ్వులు లేచాయి. టైలర్ తల వంచుకోలేదు.

తల్లి బెంచీ మీంచి లేచి సరాసరి ఆయన కుర్చీ దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో సంతోషం లేదు.

"అన్నయ్యా, నిజం చెప్పు. జాలిపడి ఇచ్చావా? జాలితో ఇచ్చింది మా ఒప్పందంలోకి రాదు."

వెనక కూతురు నిలబడి ఉంది. ఆ పిల్ల చూపంతా ఆయన నోటి మీదే ఉంది. టైలర్ ఏం చెప్పగలడు? తన చేయి వాలలేదని తనే చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?

అప్పుడు పడమటి కుర్చీ నుంచి మంగలి లేచి వచ్చాడు.

"చెల్లెమ్మా, నేను మీ అమ్మాయికి ఇవ్వలేదు. మళ్ళీ నా కుర్చీలో కూర్చుంటే మళ్ళీ ఇవ్వను. కానీ ఈయన కుర్చీలో కూర్చుని ఉంటే నేనూ ఇచ్చేవాణ్ణి. బుధవారం కూర్చుని చూశాను. అంతకుమించి నాకేం తెలీదు."

తల్లి మంగలినీ, టైలర్‌నీ, బరికి మూడు వైపులా ఉన్న కుర్చీల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది. వారం రోజులుగా ఏడవని పిల్ల అప్పుడు ఏడుస్తోంది.

"ఒక్క పాయింటా?" అంది తల్లి, తనలో తను అన్నట్టు. "ముగ్గురి దగ్గరా ఒక్కొక్క పాయింటేనా?" ఆమె గొంతులో మొదటిసారి ఏదో భయం లాంటి గౌరవం వినపడింది. "సరే. ఏడాది. ఏడాదంటే ఏడాదే. పొద్దున్నే ఐదింటికి లేచి మూటలు విప్పే బాధ్యత నీదే, ఇప్పుడే చెబుతున్నా."

ఆ ఏడాది అయిపోయి మూడేళ్ళు దాటింది. ఒప్పందం సంగతి తల్లీ ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు.

టైలర్‌కు ఇప్పుడు అరవై మూడేళ్ళు. హాల్లో జడ్జీలు ప్రతి పోటీకీ కుర్చీలు మారి కూర్చోవాలన్న పద్ధతి ఆయన అడిగితే పెట్టిందే. ఇస్త్రీ అమ్మాయి పోటీ వచ్చినప్పుడు మాత్రం ఆయన కుర్చీ వదిలి, వెనక బెంచీ మీద ఆమె తల్లి పక్కన కూర్చుంటాడు. తల్లి కళ్ళు మూసుకుని, "ఎవరు గెలుస్తున్నారు అన్నయ్యా?" అని అడుగుతుంది. ఆయన చెప్పడు.